తెల్ల ఎలుక కరిస్తే...

ప్రయోగశాలల్లో పెరిగే తెల్ల ఎలుకలు శుభ్రంగా ఉంటాయి, వాటివల్ల భయం లేదని చాలామంది అనుకుంటారు. మీ అబ్బాయో అమ్మాయో అలాంటిచోట చదువుతున్నా, పనిచేస్తున్నా ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఎలుకల గొంతులో స్ట్రెప్టోబాసిల్లస్ మోనిలిఫార్మిస్ అనే బాక్టీరియా ఉండవచ్చు. దానివల్ల ఎలుకకు సాధారణంగా ఏ జబ్బూ రాదు. చక్కగా తింటుంది, చురుగ్గా తిరుగుతుంది. అందుకని పైకి చూసి పోల్చుకోలేం. గొంతులోని తడిని దూదిపుల్లతో తీసి కల్చరు చేసినా ఒక్కోసారి దొరకదు. ఈ బాక్టీరియా రక్తమో సీరమో కలిపితేగాని పెరగదు, అదీ నిదానంగా. ఈలోగా ఇతర సూక్ష్మజీవులు పెరిగి దాన్ని కప్పేస్తాయి. కాబట్టి దాని డి.ఎన్.ఏ.ను పట్టి చూపే పి.సి.ఆర్. పరీక్ష కూడా చేయించడం మంచిది.

మనిషికి సోకినప్పుడూ ఇదే చిక్కు. కరిచాక సాధారణంగా 3 నుంచి 10 రోజుల్లో చలిజ్వరం, కీళ్లనొప్పులు, చేతులమీద, కాళ్లమీద దద్దుర్లు వస్తాయి. అప్పటికి గాటు మానిపోయి, కరిచిన సంగతే మరిచిపోతారు. మలేరియా అనో, టైఫాయిడ్ అనో పొరబడే అవకాశం ఉంది. అశ్రద్ధ చేస్తే ప్రాణాపాయం. సకాలంలో గుర్తిస్తే పెన్సిలిన్‌తో నయమవుతుంది.

ఎలుక కరిచినా, రక్కినా వెంటనే సబ్బునీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించండి. ధనుర్వాతం ఇంజక్షను అవసరమేమో అడగండి. తర్వాత జ్వరం వస్తే, ఎలుక కరిచిన సంగతి మొట్టమొదట చెప్పండి. అది తెలిస్తేనే రక్తాన్ని తగిన పద్ధతిలో కల్చరు చేయించగలుగుతారు.