తండా దాకా: గ్రామీణ ఆరోగ్య విద్యార్థి సంఘం ప్రణాళిక

మైలవరం దాటి తిరువూరు వైపు వెళ్తే ఎ.కొండూరు మండలం వస్తుంది. అక్కడి లంబాడీ తండాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ప్రాణాలు తీస్తోంది. పెద్ద డాక్టరుకి చూపించుకోవాలంటే బెజవాడ బస్సెక్కాలి. ఆ బెజవాడలోనే 1980లో మొదలైన సిద్ధార్థ వైద్య కళాశాల ఉంది, 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ చదివి పట్టా పుచ్చుకున్నవాళ్లలో ఈ తండాలకి దారి తెలిసినవాళ్లెందరు?

మనసు లేక కాదు. చదువంతా పెద్దాసుపత్రి వార్డుల్లో సాగుతుంది. హాస్టల్లో సీనియర్ల మాటలన్నీ పీజీ సీటు చుట్టూనే. పల్లెలో పని చేస్తావా అని అడిగేవాళ్లు లేరు. అడగడానికే ఈ సంఘం.

ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి విద్యార్థి సంఘాలు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. మెడిసిన్, నర్సింగ్ పిల్లలు కలిసి మారుమూల ఊళ్ల బడులకి వెళ్తారు. పల్లెలో పుట్టి పెరిగినవాళ్లని చదివించండి, పల్లెల్లోనే శిక్షణ ఇవ్వండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. మా దారీ అదే.

అందుకే మొదటి అడుగు బడిలోకి. మైలవరం, రెడ్డిగూడెం, ఎ.కొండూరు ప్రభుత్వ హైస్కూళ్లలో తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని కలుస్తాం. ఎంబీబీఎస్ ఒక్కటే కాదు, నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ చదువుల గురించీ చెబుతాం. ఏ పరీక్ష రాయాలి, ఫీజెంత, స్కాలర్‌షిప్ ఎలా వస్తుంది, అన్నీ. తండా పిల్ల నర్సయి తిరిగొస్తే, కాళ్లవాపు గురించి, మూత్రం గురించి అవ్వతో లంబాడీలోనే మాట్లాడుతుంది. ఆ అవ్వ సిగ్గుపడి దాచుకున్నది అప్పుడు బయటికొస్తుంది.

ఒక్కరోజు క్యాంపులు పెట్టం. బీపీ మాత్ర వచ్చే నెలా కావాలి. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎంల వెంట అవే ఇళ్లకి ఏడాది పొడవునా వెళ్తాం, ఆ ఇళ్లని జూనియర్లకి అప్పగిస్తాం. 2021-22 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో కుటుంబ దత్తత, అంటే విద్యార్థి కొన్ని కుటుంబాల ఆరోగ్యం చూసుకోవడం, పాఠ్యాంశమైంది. హాజరు కోసం వెళ్లొచ్చే పనిగా దాన్ని మిగలనివ్వం. నర్సింగ్, ఫార్మసీ విద్యార్థులూ ఆ గడపల్లోకి కలిసి రావాలి.

త్యాగం ఒక్కటే సరిపోదు. పీహెచ్‌సీ డాక్టరుకి కాపురముండే ఇల్లు, అర్ధరాత్రి పాముకాటు కేసొస్తే ఫోనెత్తే నిపుణుడు, పీజీలో తగినంత ఇన్‌సర్వీస్ కోటా: ఇవి ప్రభుత్వాన్ని అడుగుతాం, వచ్చేదాకా అడుగుతాం.

ఆరోగ్య చదువు చదివే ఎవరైనా సభ్యులే. జీవితాంతం పల్లెలోనే ఉంటామని ప్రమాణం చేయనక్కర్లేదు. రెండేళ్లు పనిచేసి వెళ్లేవారు మాత్రం, ఇంకొకరిని తీసుకొచ్చి, ఇంటింటికీ తిప్పి పరిచయం చేసి వెళ్లాలి.