నాయకుడి తప్పుకు సంఘాన్ని ఉరి తీస్తారా?



"లీడర్లంతా అమ్ముడుపోయేటోళ్లే, ఇంక యూనియన్ ఎందుకన్నా?" పటాన్‌చెరు, ఇస్నాపూర్ అడ్డాల మీద నేను ఎక్కువగా వినే మాట ఇది. జవాబుగా ఈసారి ఆస్ట్రేలియా నిర్మాణ కూలీల నాయకుడు నార్మ్ గల్లఘర్ గురించి రాస్తున్నాను.

1961 నుంచి పాతికేళ్లు ఆయన బిల్డర్స్ లేబరర్స్ ఫెడరేషన్ జాతీయ కార్యదర్శి. వడ్రంగులకు, ప్లంబర్లకు వేరే సంఘాలుండేవి. ఇది మట్టి తవ్వేవాళ్లది, బరువులు మోసేవాళ్లది, పరంజా కట్టేవాళ్లది. పని స్థలంలో అందరికంటే కింద నిలబడేవాళ్లు. ఇది చదివితే మనకు మన వాడ గుర్తురాదా? కాంక్రీటు పోస్తుండగా పని ఆపేసి, ఈ కూలీలు బిల్డర్ల మెడలు వంచారు.

అదే సంఘం న్యూ సౌత్ వేల్స్ శాఖకు జాక్ మండీ కార్యదర్శి. పార్కులను, పేదల ఇళ్లను కూల్చే పని చేయబోమని 1971 నుంచి కూలీలు 'గ్రీన్ బ్యాన్' పెట్టారు. రెడ్‌ఫర్న్‌లో ఆదివాసుల ఇళ్ల కోసం నిలబడ్డారు. నాయకుడు కొన్నేళ్లకు దిగిపోయి మళ్లీ కూలి పనికి పోవాలని నియమం పెట్టుకున్న మండీ 1973లో తానే దిగిపోయాడు. గల్లఘర్ దిగలేదు. పైగా 1974-75లో ఆ శాఖను స్వాధీనం చేసుకుని, మండీని, అతని సహచరులను వెళ్లగొట్టాడు. చివరికి సముద్రతీరంలో తన ఇళ్ల కోసం బిల్డర్ల నుంచి సామాను, పని పొందాడని 1985లో కోర్టు దోషిగా తేల్చింది.

1986లో ప్రభుత్వం సంఘం రిజిస్ట్రేషనే రద్దు చేసింది. అప్పుడు ఉన్నది లేబర్ పార్టీ ప్రభుత్వమే! నాయకుడి లంచం కన్నా కూలీల సమ్మెలే వాళ్లను ఎక్కువ బాధించాయని నా అభిప్రాయం. లంచమిచ్చిన బిల్డర్ల కంపెనీలను ఎవరూ రద్దు చేయలేదు కదా.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి 50 మందికి పైగా చనిపోయారు. లోపల ఎందరున్నారో తేలడానికే రోజులు పట్టింది. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులు. నిర్మాణ కూలీల కోసం 1996లో చట్టం వచ్చింది, 2025 వరకు అమల్లో ఉండేది; కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సు ఉంది. కానీ సంక్షేమ బోర్డులో పేరెక్కాలంటే ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపాలి. రోజుకో మేస్త్రీ దగ్గర తట్ట మోసే అక్కకు ఆ కాగితం ఎవరిస్తారు? సంఘమే ఇప్పించాలి.

బొంబాయి మిల్లుల నేతఖాతాలోకి దళితులను రానివ్వకపోతే యూనియన్లను అంబేడ్కర్ నిలదీశారు. 1938లో మన్మాడ్‌లో బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుల శత్రువులేనన్నారు. ఆయన సంఘాన్ని వద్దనలేదు, అందులో మన చోటు అడిగారు.

మనమూ అదే అడుగుదాం. పదవికి గడువు పెట్టండి. లెక్కలు అడ్డా మీద చదవండి. తట్ట మోసే ఆడవాళ్లను, వలస కూలీలను కమిటీలో కూర్చోబెట్టండి. ఒప్పుకోని నాయకుణ్ణి దింపండి. సంఘాన్ని మాత్రం వదలకండి, వదిలితే సంతోషించేది కాంట్రాక్టరే.