ముంగిటికి వచ్చిన చదువు, ఎల్ల దాటని పట్టా

కొన్నేళ్ల క్రిందట కృష్ణగిరి జిల్లా నుండి ఒక తండ్రీ కొడుకూ నా కార్యాలయానికి వచ్చారు. కొడుకు చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇచ్చిన బి.ఏ. పట్టా. రెండవది ఆ పట్టా తమ ఉద్యోగానికి చెల్లదంటూ ఒక ప్రభుత్వ శాఖ పంపిన ఉత్తరువు. అతడు పదవ తరగతి వరకు తెలుగులో చదివాడు. అందుబాటులో తెలుగు మాధ్యమంలో ప్లస్ టూ లేక చదువు మానుకొని, రాళ్ల క్వారీలో లెక్కలు వ్రాసే పనికి కుదిరాడు. తరువాత అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరి, ఆదివారాలలో సరిహద్దు దాటి తరగతులకు పోయి ఆ పట్టా సంపాదించుకొన్నాడు. "సార్, మావాడు దొంగ పట్టా తెచ్చినోడు కాదే, రేత్రి పూట కూర్చోని చదివినాడే" అన్నాడు తండ్రి. ఉత్తరువును నేను రెండు మార్లు చదివాను. పట్టా నిజమైనదే, చదువూ నిజమైనదే. కాని నియామక నిబంధన అడిగిన వరుసలో ఒక మెట్టు లేదు.

పేదవానికి అందుబాటులో ఉండే ప్రభుత్వ విశ్వవిద్యాలయం గొప్ప వరమని మనమందరం అంటాము. అది నిజం. కాని ఆ చదువు చివర చేతికి వచ్చే పట్టా మన ఊరిలో, మన రాష్ట్రంలో ఎంతవరకు నిలుస్తుందన్న విచారణ మన కుటుంబాలలో జరగడం లేదు. ఈ మాసం దానిని గురించి వ్రాయదలచాను.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగునేలపైనే పుట్టింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా వెలసి, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరును ధరించింది. దానికి తొలి ఉపాధ్యక్షులైన ఆచార్య జి. రాంరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపాధ్యక్షులు. కూలికి పోయేవాడు, కుట్టుపని చేసుకొనే ఇల్లాలు, పెళ్లితో చదువు ఆగిన ఆడపిల్ల తమ పనిని విడువకుండా తెలుగులో డిగ్రీ చదివే వీలు దానివలన కలిగింది. ఉద్యోగ పరీక్షలకు చదివేవారు నేటికీ దాని తెలుగు పాఠ్యగ్రంథాలను వెదకి కొనుక్కొంటారు. పొరుగు రాష్ట్రాలలో కూడా ఇటువంటి సంస్థలు వచ్చాయి. నాసిక్‌లో 1989లో, మైసూరులో 1996లో, చెన్నైలో 2002లో, సంబల్‌పూర్‌లో 2015లో అవి ఏర్పడ్డాయి. అవి ప్రధానంగా తమ తమ రాష్ట్ర భాషల అవసరాలను చూచుకొన్నాయి. అందువలన బళ్ళారి, హోసూరు, రాయగడ, సిరొంచ ప్రాంతాల తెలుగు బిడ్డ తన భాషలో డిగ్రీ చదువదలిస్తే ఎల్ల దాటక తప్పలేదు.

ఇక్కడ ఖర్చు లెక్క మారుతుంది. ఫీజు చౌక కావడం వేరు, చదువు గిట్టుబాటు కావడం వేరు. ప్రతి ఆదివారమూ బస్సు ఛార్జీ, ఆనాటి కూలి నష్టం, పరీక్షల రోజులలో పొరుగూరి బస, తప్పిన పేపరుకు మళ్లీ కట్టే రుసుము, ఇవన్నీ కలిపితే ఫీజు అందులో చిన్న భాగమే అవుతుంది. మధ్యలో మానుకొన్నవానికి ఈ సొమ్మంతా నీటిపాలే. పూర్తిచేసినా చెల్లని పట్టాకైతే సొమ్ముతోపాటు మూడు నాలుగేళ్ల యౌవనమూ పోతుంది.

చెల్లకపోవడానికి కారణాలు మూడు. మొదటిది వరుస. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1985 నిబంధనలు పన్నెండేళ్ల పాఠశాల చదువు లేనివారికి కూడా, ఇరవై యొకటేళ్లు నిండితే, ప్రవేశ పరీక్ష ద్వారా డిగ్రీలో చేరే దారి ఉంచాయి. 2009 ఫిబ్రవరిలో అణ్ణామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు, మొదటి డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో పొందిన ఎం.ఏ. చెల్లదని తీర్పు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం 107వ నంబరు ఉత్తరువు ద్వారా, పదవ తరగతి, ప్లస్ టూ ముగించిన పిమ్మట పొందిన సార్వత్రిక డిగ్రీలను మాత్రమే ప్రభుత్వోద్యోగాలకు గుర్తిస్తామన్నది. పరీక్ష ద్వారా చేర్చుకోవడానికి ఒకరు తెరచిన తలుపును ఉద్యోగ ద్వారం వద్ద మరొకరు మూసినట్లయింది. ప్రమాణాలు కాపాడాలన్న వాదనను నేను కాదనను. కాని నిబంధనలు అనుమతించిన దారిలో నడిచినవానిని గమ్యం చేరాక దారి తప్పావనడం న్యాయం కాదు.

రెండవది ఎల్ల. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్య కేంద్రాలను తమ రాష్ట్రం వెలుపల నడపరాదని నిధుల సంఘం 2013లో స్పష్టం చేసింది. ఊరూరా వెలసిన బోగస్ కేంద్రాలను అరికట్టడానికి ఇది అవసరమే. కాని భాష రాష్ట్రపు ఎల్ల వద్ద ఆగిపోదు గనుక ఆ భారం మనపై పడింది. 2014 విభజన తరువాత ఏ రాష్ట్రంలో ఏ కేంద్రం పనిచేస్తున్నదన్న ప్రశ్న కూడా దీనికి తోడయింది.

మూడవది గుర్తింపు. కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయానికి 2013-14 నుండి గుర్తింపు లేదని 2015లో నిధుల సంఘం ప్రకటించింది. తిరిగి గుర్తింపు లభించినది 2018లో. ఆ నడుమ చేరిన విద్యార్థులు తాము చేయని తప్పుకు కోర్టుల చుట్టూ తిరుగవలసి వచ్చింది.

ఇంతమాత్రాన సార్వత్రిక చదువు తక్కువదని ఎవరూ భావించరాదు. గుర్తింపు పొందిన దూరవిద్య డిగ్రీ కళాశాల డిగ్రీకి సమానమని నిధుల సంఘం 2014లో చెప్పింది, 2020 నిబంధనలలోనూ ఆ మాటే ఉన్నది. కనుక చేరేముందు ప్రతి కుటుంబమూ అడిగి తెలుసుకోవలసినవి ఇవి. ఆ కోర్సుకు, ఆ విద్యాసంవత్సరానికి దూరవిద్యా విభాగపు గుర్తింపు ఉన్నదా? కేంద్రం ఆ విశ్వవిద్యాలయపు పరిధిలోనే ఉన్నదా? మన రాష్ట్రపు ఉద్యోగ నియామక మండలి ఈ వరుసను అంగీకరిస్తుందా? ప్లస్ టూ లేనివారు ముందుగా జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా దానిని పూర్తిచేసి, ఆపైనే డిగ్రీలో చేరడం క్షేమం. ఏడాది ఆలస్యమైనా ఆ ఏడాది వృథా కాదు. ఫీజు రసీదులు, ప్రవేశ సూచన పుస్తకం, గుర్తింపు కార్డు భద్రపరచుకోండి. వివాదం వచ్చిననాడు న్యాయస్థానం ముందు మాట్లాడేవి ఆ కాగితాలే.

కుటుంబాలు జాగ్రత్తపడినంత మాత్రాన ప్రభుత్వాల బాధ్యత తీరదు. ఎందరు చేరారు, ఎందరు పూర్తిచేశారు, ఎన్నేళ్లలో పూర్తిచేశారు, ఏ ఉపాధికి చేరారు అన్న లెక్కలను ప్రతి సార్వత్రిక విశ్వవిద్యాలయమూ జిల్లాలవారీగా ప్రకటించాలి. పొరుగు రాష్ట్రాల విద్యార్థుల లెక్కను విడిగా చూపాలి. తెలుగు రాష్ట్రాలు రెండూ తమ సరిహద్దు పట్టణాలలో తెలుగు మాధ్యమ కేంద్రాలను నిలబెట్టాలి. దేశమంతటా పరిధి గల ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయం మన జిల్లాలలోనూ, యానాంలోనూ తెలుగులో బోధన సహాయం ఇవ్వాలి. నాడు అమలులో ఉన్న నిబంధనల ప్రకారం చేరినవారికి నియామకాలలో రక్షణ కల్పించాలి. రాజ్యాంగం 350-ఏ అధికరణం మాతృభాషలో బోధనను ప్రాథమిక దశ వద్దనే ఆపింది. అయితే 30వ అధికరణం విద్యాసంస్థలను స్థాపించుకొనే హక్కును మనకిచ్చింది. భాషా అల్పసంఖ్యాకులను రాష్ట్రం ప్రాతిపదికగా నిర్ణయించాలని టి.ఎం.ఏ. పాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. మన సంఘాల కళాశాలలు అధ్యయన కేంద్రాలుగా దరఖాస్తు చేయడానికి ఆ హక్కును ఉపయోగించుకోవాలి.

ఆ యువకుని వ్యాజ్యం గెలిచామని చెప్పలేను. అతడు నేడు ఒక ప్రైవేటు కర్మాగారంలో గిడ్డంగి లెక్కలు చూస్తున్నాడు. అతని చెల్లెలు మాత్రం ముందు ప్లస్ టూ వ్రాసి, ఆ తరువాతనే డిగ్రీలో చేరింది. అన్న పోగొట్టుకొన్నది చెల్లెలికి పాఠమైంది. ఇంటికొక బిడ్డ ఇలా నష్టపోతే గాని మనకు నిబంధన తెలియదన్న స్థితి ఇకనైనా పోవాలి. ఈ పుట చదివినవారు పక్క ఇంటి పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పగలరని మనవి.