అప్పీలులో నిలవని సాక్ష్యం

2024 జులైలో నంద్యాల జిల్లా పగిడ్యాల మండలం ముచ్చుమర్రిలో ఒక చిన్నారి కనిపించకుండా పోయింది. అత్యాచారం చేసి చంపేశారన్నది పోలీసుల అభియోగం. పట్టుబడ్డ ముగ్గురూ బడికి పోయే వయసు పిల్లలే. ఎత్తిపోతల కాలువలోనూ కృష్ణా వెనుక జలాల్లోనూ రోజుల తరబడి గాలించినా శవం దొరకలేదు. ఆ రోజుల్లో టీ అంగళ్ల నుంచి టీవీ చర్చల దాకా ఒకటే మాట: ఉరి తీయాలి. పదహారేళ్లు నిండని వాళ్లను ఎంతటి నేరానికైనా మూడేళ్లకు మించి ప్రత్యేక గృహంలో ఉంచడానికి బాల న్యాయ చట్టం ఒప్పుకోదు. ఆ సంగతి చెప్పినవాళ్లు తక్కువ. శవం లేని కేసులో రుజువుకు ఏం మిగులుతుందని అడిగినవాళ్లు మరీ తక్కువ. శవం దొరక్కపోయినా హత్య రుజువు చేయవచ్చు. అయితే అప్పుడు మిగతా సాక్ష్యాల గొలుసులో ఒక్క లంకె కూడా ఊడకూడదు. ఆ కేసు మంచిచెడ్డల జోలికి నేను పోవడం లేదు. మన కోపం ఎటు పోతోందన్నదే నా ప్రశ్న.

మన కోపమంతా శిక్ష మీద. అప్పీలు కోర్టు ముందు ఉండేది మాత్రం ఫైలు. సాధారణంగా అక్కడ సాక్షిని మళ్లీ బోనెక్కించరు. కింది కోర్టులో రాసుకున్న వాంగ్మూలాలు, పంచనామాలు, డాక్టరు సర్టిఫికెట్, ల్యాబ్ రిపోర్టు, వాటి మీది తేదీలు, సంతకాలు, వీటినే చదువుతారు. సెక్షన్ ఎంత కఠినమైనదైనా ఆ కాగితాలు బలంగా లేకపోతే కేసు నిలవదు.

రెండు తెలుగు కేసులను పక్కపక్కన పెట్టి చూడండి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం లేడీస్ హాస్టల్‌లో 2007 డిసెంబరు 27న ఒక ఫార్మసీ విద్యార్థిని శవమై కనిపించింది. (పేరు అందరికీ తెలుసు. చనిపోయినా అత్యాచార బాధితురాలి పేరు రాయకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి రాయడం లేదు.) 2008 ఆగస్టులో పోలీసులు ఒక యువకుణ్ని చూపించారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు దాన్ని కొట్టేసింది. నిందితుడికి లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది, దర్యాప్తు అధికారుల మీద చర్య తీసుకోమంది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. 2018లో కేసు సీబీఐకి వెళ్తే, విజయవాడ కోర్టులో ఉండాల్సిన రికార్డులే ధ్వంసమైపోయాయని బయటపడింది. 2019 డిసెంబరులో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత ఎముకల్ని అడగాల్సిన ప్రశ్నలవి కావు. మొదటి వారంలోనే గది గోడల్ని, దుప్పట్లను, హాస్టల్ తాళాలను అడగాల్సినవి.

రెండోది హన్మకొండ. 2019 జూన్‌లో తొమ్మిది నెలల పసికందు మీద జరిగిన ఘోరం. ఆగస్టు 8న, అంటే రెండు నెలలు తిరక్కుండానే, అక్కడి కోర్టు మరణశిక్ష వేసింది. నవంబరులో తెలంగాణ హైకోర్టు దాన్ని చివరి శ్వాస దాకా జైలుగా మార్చింది. అప్పుడు చాలామంది హైకోర్టును తిట్టారు. అందులో చూడాల్సింది మరొకటుంది. నేర నిర్ధారణ చెక్కుచెదరలేదు. సాక్ష్యం గట్టిగా ఉంటే అప్పీలులో మిగిలే తగవు శిక్ష ఎంతన్నదే. సాక్ష్యం డొల్ల అయితే నేరమే మాయమవుతుంది. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ మహిళలు పోలీసుల మీద చేసిన అత్యాచార ఫిర్యాదు 2023 ఏప్రిల్‌లో నిందితులంతా నిర్దోషులన్న తీర్పుతో ముగిసింది. ఆ కోర్టే దర్యాప్తు లోపాలను ఎత్తిచూపింది, బాధితులకు పరిహారం ఇమ్మంది. నిందితులను వదిలేస్తూనే బాధితులకు పరిహారం ఇమ్మన్న తీర్పు ఎవరి వైఫల్యాన్ని చెబుతున్నట్టు?

మా నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ లాంటి ఊళ్లో మొదటి రెండు రోజుల్లో జరిగేదేమిటో అందరికీ తెలుసు. పరువు గురించి ఇంట్లో మంతనాలు, పెద్దమనుషుల రాయబారం, ఆ తర్వాతే స్టేషన్ గడప. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల ప్రకారం శరీరం నుంచి నమూనాలు తీసే గడువు 96 గంటలు. సమాచారం అందిన 24 గంటల్లో బాధితురాలిని వైద్య పరీక్షకు పంపాలని, డాక్టరు ఏడు రోజుల్లో నివేదిక ఇవ్వాలని 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 184వ సెక్షన్ చెబుతోంది. ఆ లోపలే బట్టలు ఉతికేస్తారు. ఉతకకపోతే తడిబట్టలను ప్లాస్టిక్ కవర్లో కట్టి పెడతారు. బూజు పట్టాక డీఎన్‌ఏ దక్కదు. ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టాలన్న చిన్న సంగతి మీద పదేళ్ల తర్వాత హైకోర్టులో వాదన నడుస్తుంది. ఆ పొట్లం స్టేషన్ సామాన్ల గదిలో, అంటే మాల్ఖానాలో, ఎన్నాళ్లుంది, సీలు ఎవరు వేశారు, ఏ కానిస్టేబుల్ ల్యాబ్‌కు తీసుకెళ్లాడు? వీటికి జవాబు లేకపోతే అనుమానం నిందితుడి ఖాతాలో పడుతుంది. అది న్యాయమే, ఇబ్రహీంపట్నం కేసు చూశాక దాన్ని తప్పుపట్టలేం.

బాధితురాలి మాట ఒక్కటే చాలని సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులో గట్టిగానే చెప్పింది. ఆ మాట మచ్చలేనిదై ఉండాలని 2012లో ఇంకో తీర్పు చెప్పింది. ఎఫ్ఐఆర్‌లో ఒకటి, మెజిస్ట్రేటు దగ్గర ఇంకొకటి, బోనులో మరొకటి ఉంటే డిఫెన్సు వకీలు వదలడు. అమ్మాయి చెప్పింది ఒకటైతే స్టేషన్ రైటరు తన అలవాటు భాషలో రాసింది ఇంకొకటి కావడం ఆమె తప్పు కాదు. కానీ దాని భారం మోసేది ఆమే.

పిల్లల మీది లైంగిక నేరాల చట్టం (పోక్సో) కేసుల్లో వయసు తగాదా దీనికి తోడు. మా పల్లెల్లో చాలామంది జూన్‌లో పుట్టినవాళ్లే, ఎందుకంటే బడిలో చేర్చుకున్న అయ్యవారు అలా రాసుకున్నారు. బాల న్యాయ చట్టం 94వ సెక్షన్ ముందు బడి ఇచ్చే పుట్టినతేదీ పత్రాన్నో పదో తరగతి సర్టిఫికెట్‌నో అడుగుతుంది, అవి లేకపోతే పంచాయతీ జనన పత్రం, చివరికి ఎముకల పరీక్ష. బడి మారేటప్పుడు ఇచ్చే టీసీ ఒక్కటే చాలదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. చాలా ఛార్జిషీట్లలో వయసుకు ఆధారంగా ఉండేది మాత్రం ఆ టీసీయే.

ఇక శిక్షలు. 1983 సవరణ అత్యాచారానికి కనీసం ఏడేళ్లు పెట్టి, తగిన ప్రత్యేక కారణాలుంటే తగ్గించుకోవచ్చని ఒక కిటికీ తెరిచి ఉంచింది. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కిటికీని ధారాళంగానే వాడింది. పదమూడు, పద్నాలుగేళ్ల బాలిక కేసులో పదేళ్లను నాలుగేళ్లు చేస్తే, 1995లో సుప్రీంకోర్టు ఏడేళ్లకు పెంచింది. ఐదేళ్ల పాప కేసులో పదేళ్లను ఐదేళ్లు చేస్తే, 2000లో తిరిగి పదేళ్లు చేసింది. 2011లో సుప్రీంకోర్టే ఒక సామూహిక అత్యాచారం కేసులో రాజీ కుదిరిందని మూడున్నరేళ్లతో సరిపెట్టింది. రాజీ కారణమే కాదని 2013లో సర్దుకుంది. ఆ ఏడాదే పార్లమెంటు కిటికీ మూసేసింది. 2018, 2019 సవరణలతో పదహారేళ్ల లోపు బాలికల కేసుల్లో కనీస శిక్ష ఇరవయ్యేళ్లయింది.

ఇది చాలామందికి గెలుపుగా కనిపించింది. నాకు అనుమానంగానే ఉంది. అప్పుడే పద్దెనిమిది నిండిన అబ్బాయి వెంట ఇష్టపడి వెళ్లిన పదిహేనేళ్ల అమ్మాయి కేసూ, పసిపాపను చెరిచినవాడి కేసూ ఒకే గాటన కట్టలేక జడ్జి తల్లడిల్లే చోట, సందేహం నిర్దోషి అన్న తీర్పు వైపే మొగ్గుతుంది. బెంగాల్‌కు చెందిన ఒక పోక్సో కేసులో సుప్రీంకోర్టు 2024లో నేరాన్ని పునరుద్ధరించి కూడా 2025 మేలో శిక్ష వేయకుండా వదిలేయడానికి రాజ్యాంగం 142వ అధికరణం దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆళ్లగడ్డ లాంటి ఊరి కేసు వినే జడ్జికి ఆ అధికారం లేదు.

ఎవరూ మాట్లాడని లోటు ఇంకొకటుంది. నిందితుడు నిర్దోషి అయితే, చిన్న సెక్షన్ కింద శిక్ష పడితే, పరిహారం చాలకపోతే బాధితురాలు అప్పీలు చేయవచ్చు. 2009 చివరి నుంచి ఆ హక్కు ఉంది, ఇప్పుడు సంహిత 413వ సెక్షన్‌లో కొనసాగుతోంది. శిక్ష తక్కువైందని మాత్రం అప్పీలు చేసే వీలు లేదు. 2020లో సుప్రీంకోర్టు ఆ మాటే ఖాయం చేసింది. రివిజన్ అనే పక్కదారి ఉన్నా అది హక్కు కాదు, కోర్టు దయ. పైన చెప్పిన 1995, 2000 కేసుల్లో శిక్ష పెరిగింది రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కాబట్టే. పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) అభిప్రాయం రాయకపోతే, ఫైలు గడువు దాటిపోతే, ఆ కుటుంబం చేయగలిగింది లేదు. పైగా హైకోర్టు ఉన్నది గిద్దలూరు, మార్కాపురం, వినుకొండ దాటి అమరావతిలో, ఆళ్లగడ్డకు దాదాపు 300 కిలోమీటర్లు. ఒక వాయిదాకు రెండు రోజుల కూలి పోతుంది. కర్నూలు బెంచి కోసం 2024 నవంబరులో అసెంబ్లీ తీర్మానం చేసింది. అది వస్తే బస్సు చార్జీ తగ్గుతుంది, 413లోని లోటు మాత్రం తీరదు.

2019 డిసెంబరులో మన అసెంబ్లీ దిశ బిల్లు ఆమోదించింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ. రాష్ట్రపతి ఆమోదం రాలేదు. ల్యాబ్ రిపోర్టే అన్ని రోజుల్లో రాని చోట అది అమలయ్యేదీ కాదు. అయితే క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలోనిదని, సవరించే దారి రాష్ట్రానికి ఉందని ఆ బిల్లు గుర్తు చేసింది. ఆ దారిలోనే ఈసారి 413వ సెక్షన్‌లో తక్కువ శిక్ష మీద అప్పీలును కూడా చేరుస్తూ సవరణ పంపాలి. దాంతోపాటు ప్రతి సబ్ డివిజన్ స్టేషన్‌లో ఆరబెట్టే స్టాండు, కాగితం సంచులు, మాల్ఖానా రిజిస్టరును నెలకోసారి చూసే పీపీ ఉండాలి. మన ఎమ్మెల్యేలు ఉరి గురించి మాట్లాడినప్పుడల్లా ఈ రెండింటి సంగతి ఏమైందని అడగండి.