టార్‌లో ‘టీ’ అంటే టేపు

ల్యాబ్‌లో మనం దింపుకునే చాలా సాఫ్ట్‌వేర్ ఫైళ్ల పేర్ల చివర ‘టార్’ అని ఉంటుంది. కమాండ్ కొడతాం, మూట విప్పుతాం, మర్చిపోతాం. అది ‘టేప్ ఆర్కైవ్’ నుంచి వచ్చిన పేరని నాకు ఈ సెమిస్టర్‌లోనే తెలిసింది. 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చిన ఈ కమాండ్ అసలు పని, ఫైళ్లన్నీ ఒకే మూటగా కట్టి మాగ్నెటిక్ టేపు మీద వరసగా రాయడం. క్యాసెట్ల కాలం నాటి గోల మనకెందుకులే అనుకున్నా. ఇప్పుడు అలా అనుకోవట్లేదు.

మా తాతయ్య పద్యాలు పాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకున్నా. ఫోన్ నిండిపోయాక, క్లౌడ్‌లో ఎలాగూ ఉన్నాయి కదా అని ఆ ఫోల్డర్ డిలీట్ కొట్టా. అక్కడా పోయాయి. రెండు నెలల తర్వాత వెతికితే ట్రాష్ కూడా ఖాళీ. తాతయ్య ఇప్పుడు లేరు. తప్పు నాదే. నేను బ్యాకప్ అనుకున్నది ఉత్త సింక్. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడిచేస్తుంది.

పెద్ద కంపెనీలు ఈ తేడా తెలిసే టేపు వదల్లేదు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ బగ్ వల్ల జీమెయిల్ యూజర్లలో సుమారు 0.02 శాతం మందికి మెయిల్స్ మాయమయ్యాయి. వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నా బగ్ వాటినీ వదల్లేదు. చివరికి గూగుల్ వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే. ఆఫ్‌లైన్‌లో ఉన్న టేపుని బగ్ తాకలేకపోయింది.

టేపుకీ చిక్కులున్నాయి. లినక్స్‌లో ‘ఎస్‌టీ0’ అనే డివైజ్ పేరుతో రాస్తే, పని అవగానే టేపు మొదటికి చుట్టుకుంటుంది. అలాగే ఇంకో బ్యాకప్ రాస్తే అది మొదటిదాని మీదే పడుతుంది. ముందు ఒక ‘ఎన్’ చేర్చి ‘ఎన్‌ఎస్‌టీ0’ అంటే టేపు ఆగినచోటే ఉంటుంది. ఒక్క అక్షరం తేడా! అందుకే రాసాక టేపు వెనక్కి చుట్టి, టార్‌తోనే లిస్టు తీసి చూడాలి. ఒక ఫైలైనా బయటికి తీసి తెరవాలి. తెరిచి చూడనిదాన్ని నేను బ్యాకప్ అనను.

మనం టేప్ డ్రైవ్ కొనక్కర్లేదు. ఒక హార్డ్‌డిస్క్ చాలు. నెలకోసారి టార్ కొట్టి, ఒక ఫైలు తెరిచి చూసి, కేబుల్ పీకేసి బీరువాలో పెట్టండి. ఆ పీకడం మాత్రం మర్చిపోవద్దు. ముందు ఇంట్లోవాళ్ల ఫోటోలు, గొంతులు ఉన్న ఫోల్డర్‌తో మొదలుపెట్టండి. ప్రాజెక్టు కోడ్ పోయినా మళ్లీ రాసుకోవచ్చు.