తల్లి పేరు, తల్లి సొమ్ము

ఆంధ్రప్రదేశ్‌లో బడి గురించి మాట్లాడే ప్రతి ప్రభుత్వానికీ ముందు అమ్మే గుర్తొస్తుంది. ఒకరు పథకానికి 'అమ్మ ఒడి' అని పేరు పెట్టారు. వాళ్లను ఓడించి వచ్చినవాళ్లు 'తల్లికి వందనం' అన్నారు. పార్టీ మారింది, పేరు మారింది. మారనిది కోత ఒక్కటే. ఇస్తామన్న 15,000 రూపాయల్లోంచి 2021లో మరుగుదొడ్ల నిర్వహణకని 1,000 తగ్గించారు. 2022లో బడి నిర్వహణకని ఇంకో 1,000 తీసుకున్నారు. 2025లో కొత్త ప్రభుత్వం కూడా అదే 2,000 మినహాయించి, తల్లుల ఖాతాల్లో 13,000 వేసింది. ఒకరినొకరు చూసి ఓర్వలేని రెండు పార్టీలకు ఈ విషయంలో మాత్రం ఎంత ఏకాభిప్రాయం!

ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్డి, తాగడానికి మంచినీళ్లు ప్రతి బడిలోనూ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. అవి పనిచేసేలా చూడటం ప్రభుత్వం బాధ్యత. ఆ ఖర్చు తల్లి పద్దులోకి ఎందుకొచ్చింది? తన డబ్బు ఉంటే తల్లి బడికొచ్చి నిలదీస్తుందని ఒక సమర్థన. నిలదీసే హక్కు పౌరురాలిగా ఆమెకు ముందే ఉంది కదా, వెయ్యి రూపాయలు పెట్టి కొనుక్కోవాలా?

అదే చట్టం పాఠశాల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది. సగం మంది స్త్రీలు ఉండాలంది. బడి అభివృద్ధి ప్రణాళిక రాసే పని వాళ్లకిచ్చింది. డబ్బు మాత్రం వాళ్ల చేతికివ్వలేదు. సమగ్ర శిక్ష లెక్కల్లో 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాది గ్రాంటు 10,000. వందలోపైతే 25,000. మరమ్మతులూ రిజిస్టర్లూ కరెంటు బిల్లూ అన్నీ అందులోనే సర్దుకోవాలి.

ఇంత తక్కువ డబ్బున్న కమిటీ కోసం పార్టీలు ఎందుకు కొట్టుకుంటాయి? 2019లో మొదలైన 'నాడు-నేడు' పనుల డబ్బు తల్లిదండ్రుల కమిటీల ద్వారా ఖర్చయింది. చైర్మన్ సంతకానికి విలువ వచ్చింది. 2024 ఆగస్టు 8న జరిగిన కమిటీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు లేవు. అయినా చాలా ఊళ్లలో అవి పార్టీల బలపరీక్షగానే నడిచాయి. ఇలాంటి పోటీలో స్త్రీల సీటంటే ఏ వర్గం మనిషి భార్యను కూర్చోబెట్టాలన్న లెక్కే. సర్పంచుల విషయంలో ఈ నాటకం మనం చూస్తూనే ఉన్నాం.

అదే బడి వంటగదిలో పొయ్యి ముందు నిలబడ్డ స్త్రీలను ఏ పార్టీ పట్టించుకుంది? మధ్యాహ్న భోజనం వండేవాళ్లకు కేంద్రం 2009లో నెలకు 1,000 రూపాయలని, అదీ ఏడాదికి 10 నెలలకేనని నిర్ణయించింది. దశాబ్దం గడిచినా పెంచలేదు. దానికి పెట్టిన పేరు 'గౌరవ వేతనం'. గౌరవం మాటలో ఉంది, వేతనమే లేదు.

ఇక్కడ మన పని గురించి కూడా మాట్లాడుకోవాలి. స్థానిక పాలనలో స్త్రీలపై రాసే వ్యాసాల్లో మనం కుర్చీలు లెక్కపెట్టి, యాభై శాతం వచ్చిందని సంతోషిస్తున్నాం. కుర్చీతోపాటు డబ్బు ఎంత వచ్చింది, ఎవరి ఖాతాలోంచి వచ్చింది, ఎవరి సంతకంతో ఖర్చయింది అని అడగకపోతే సాధికారత అన్న మాటకు అర్థమేముంది?

తల్లుల డబ్బులో కోత ఆగాలి. బడి నిర్వహణకు బడ్జెట్లో విడిగా పద్దు ఉండాలి. కమిటీ జమాఖర్చులు బడిగోడ మీద రాయాలి, చదవలేని తల్లులకు చదివి వినిపించాలి. ఈ మూడూ జరిగాక ఏ తల్లికైనా వందనం పెట్టొచ్చు.