చూసినందుకు కూలి ఇవ్వండి

పుంగనూరులో నా షెడ్డు ముందు ఆగేవి ఎక్కువగా టమాటా బళ్లు. మదనపల్లె మార్కెట్లో లోడెత్తుకుని పలమనేరు, వి.కోట, కుప్పం మీదుగా కృష్ణగిరి వైపు పోతుంటాయి. డ్రైవర్ దిగీ దిగకముందే అంటాడు: "అన్నా, టెంపరేచర్ ముల్లు పైకీ కిందికీ ఆడతా ఉంది. థర్మోస్టాట్ పీకి పడెయ్."

పీకడం ఎంతసేపు! కానీ థర్మోస్టాట్ లేని ఇంజన్ సరైన వేడికి రావడానికే చాలాసేపు పడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల త్వరగా అరుగుతుంది. అది చెడిందో లేదో తేల్చడానికి గిన్నెలో నీళ్లు కాచి అందులో వేస్తే చాలు. చాలా బళ్లలో 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఆ అంకె దాని మీదే కొట్టి ఉంటుంది.

మొన్న ఎండల్లో కుప్పం నుంచి ఒక పికప్ వచ్చింది. ముల్లు ఎర్రగీత తాకుతుంది, రెప్పపాటులో సగానికి పడుతుంది. అంత ఇనుము, అన్ని నీళ్లు రెప్పపాటులో చల్లారవు. అనుమానం వైరింగ్ మీదికి పోయింది. హెడ్‌లైట్లు వేయమన్నాను. ముల్లు ఎగిరింది, పక్కనున్న డీజిల్ ముల్లూ దాంతోపాటే కదిలింది. రెండూ కలిసి ఆడుతున్నాయంటే సెన్సర్ జోలికి పోనక్కర్లేదు, మీటరుకు వచ్చే కరెంటో ఎర్తో చూడాలి. డ్యాష్‌బోర్డు కింద దూరి వెతికితే ఎర్త్ వైరు బిగించిన బోల్టు దగ్గర పచ్చటి చిలుము. ఎమరీ కాగితంతో రుద్ది గట్టిగా బిగించాను. గంట పైనే పట్టింది.

"ఏం మార్చినావన్నా?"

"ఏమీ మార్చలేదప్పా."

"మరి ఓనర్‌కు ఏమని బిల్లు చూపించేది?"

ఆ పిల్లోడి తప్పేమీ లేదు. పార్టు బిల్లు చూపిస్తే ఓనరు మారు మాట్లాడకుండా ఇస్తాడు, లోపం వెతికిన కూలంటే ఇవ్వడు. అందుకే మా షెడ్లలో బాగున్న సెన్సర్లు కూడా మారుతున్నాయి, బాగున్న థర్మోస్టాట్లు చెత్తబుట్టలో పడుతున్నాయి, ముల్లు మాత్రం ఊగుతూనే ఉంటుంది. విసిగిపోయి దాన్ని చూడడమే మానేసిన డ్రైవర్లున్నారు. నాకు భయం అక్కడే.

ఎందుకంటే ముల్లు ఊగడం ఒక్కోసారి నిజమైన హెచ్చరిక. నీళ్లు తగ్గి సెన్సర్ గాల్లో మిగిలితే, లోపల ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కిందికి జారుతుంది. చల్లబడిందనుకుని ఇంకాస్త తొక్కితే హెడ్ గాస్కెట్ పోతుంది. కాబట్టి ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి, రేడియేటర్ మూత తీసి నీళ్లు ఎంతున్నాయో చూడడం మొదటి పని. మూత రబ్బరు కూడా చూడాలి. మన ఊళ్లు దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి, ఇక్కడ మామూలు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత ఒత్తిడి ఆపితేనే అంతకు మించిన వేడికి తట్టుకుంటాయి.

ఇక బోరు నీళ్లు. మా వైపు బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లటి పొర కడుతుంది, రేడియేటర్ గొట్టాల్లో కట్టేదీ అదే. 2023 జులైలో మదనపల్లెలో కిలో టమాటా 150 రూపాయలు దాటిన రోజుల్లో, లక్షల సరుకు మోసే బళ్లలో కూడా కూలెంట్‌కు బదులు ఇవే పోశారు.

ఇవన్నీ ఓపిగ్గా వెతికి తేల్చాలంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం షెడ్లవాళ్లం కలిసి లోపం వెతికే కూలి ఇంత అని బోర్డు రాసి పెట్టుకోవాలి. లోపం దొరక్కపోతే అది అడగకూడదు. దొరికితే ఏం చూశామో, ఏం తేలిందో చీటీ రాసి డ్రైవర్ చేతికివ్వాలి. ఓనర్లు ఆ చీటీని పార్టు బిల్లుతో సమానంగా తీసుకుని డబ్బులివ్వాలి.